పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంది?

ఈమధ్య హైదరాబాద్‌లో ఒక సదస్సుకి వెళ్ళాను. మారుతున్న సమాజం, విలువలు అన్నది చర్చనీయాంశం. వేదిక మీద ఉన్న ఒక పెద్దమనిషి చక్కని ఇంగ్లీషులో, మధ్యమధ్య తెలుగు కలుపుతూ, చాలాసేపు మాట్లాడారు. ఆయన చెప్పిన సారాంశం ఇది: చదువుకుని నాలుగు దేశాలు తిరిగినవాళ్ళు కులాన్నీ, ప్రాంతాన్నీ, మతాన్నీ దాటి విశ్వమానవులయ్యారు. మామూలు జనమే ఇంకా తమ ఊరు, తమ కులం, తమ దేవుడు అంటూ బావిలో కప్పల్లా బతుకుతున్నారు. ఈ దేశం ముందుకి పోకపోవడానికి కారణం వాళ్ళ సంకుచితత్వమే.

హాలంతా చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్న స్నేహితురాళ్ళు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ సంగతి ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాయడం న్యాయం కాదు.

ఆ తరవాత పది రోజులకి రాయచోటి దగ్గర ఒక పల్లెలో మహిళా సంఘం మీటింగుకి వెళ్ళాల్సి వచ్చింది. గల్ఫ్‌కి వెళ్ళొచ్చిన స్త్రీల ఇబ్బందుల గురించి మాట్లాడుకుందామని పిలిచారు. ముందు వరసలో కూర్చున్న ఒకామె కువైట్‌లో 11 ఏళ్ళు, రెండు ఇళ్ళలో పనిచేసి వచ్చింది. ఆమె పేరు రాయను. మళ్ళీ వెళ్ళాలనుకుంటోంది. ఐదో తరగతితో బడి మానేసింది. భాష తెలియని చోట ఎలా నెట్టుకొచ్చావని ఎవరో అడిగారు.

"ముందు ఆర్నెల్లు ఏమీ తెల్లేదక్కా. మామ ఏం చెప్తాందో అర్థమయ్యేది కాదు. అదే ఇంట్లో శ్రీలంక ఆయమ్మ ఒగతె ఉండె. ఆయమ్మే చెయ్యి పట్టుకోని అన్నీ నేర్పిచ్చె. మల్ల ఫిలిప్పీన్ పిల్ల వచ్చె. ఆ పిల్లకి నేను నేర్పిస్తి" అంది.

అక్కడ ఇంటి యజమానురాలిని 'మామ' అంటారు. యజమాని 'బాబా'. ఇప్పుడు ఈమెకి అరబ్బీ ధారాళంగా వచ్చు. హిందీ వచ్చు. ఆ ఇంటి డ్రైవరు కేరళవాడు కావడంతో మలయాళం అర్థమవుతుంది. రంజాన్ నెలలో ఏ పూట ఏం వండాలో తెలుసు. ఫిలిప్పీన్ పిల్ల క్రిస్మస్ ముందు రోజుల్లో ఎందుకు ఏడుస్తుందో తెలుసు. ఇథియోపియా నుంచి వచ్చిన పిల్ల ఉపవాసం రోజుల్లో మాంసం, పాలు ఎందుకు ముట్టదో తెలుసు. "మనం శనివారం ఒక్కపొద్దు ఉండమా, అట్లనే" అని చెప్పింది, అదేదో పక్కింటి విషయమన్నట్టు.

రాత్రి బస్సులో తిరిగొస్తుంటే సదస్సులో పెద్దమనిషి గుర్తొచ్చారు. నాలుగు దేశాల మనుషులతో ఒక వంటగదిలో, ఒక గదిలో పడుకుని, ఒకరి భాష ఒకరు నేర్చుకుని, ఒకరి దేవుణ్ణి ఒకరు అర్థం చేసుకుని 11 ఏళ్ళు బతికిన మనిషిని మనం ఏ లెక్కలో వేస్తున్నాం? మామూలు జనం లెక్కలో. బావిలో కప్పల లెక్కలో. ఇంతకీ బావి ఎవరిది? కప్ప ఎవరు?

మాట ఎవరిది, సొత్తు ఎవరిదయింది?

ఇంగ్లీషులో కాస్మోపాలిటన్ అంటారు. ప్రపంచ పౌరుడు అని అర్థం. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీసులో డయోజనిస్ అనే తత్వవేత్త నీదే ఊరని అడిగితే తాను ప్రపంచ పౌరుణ్ణని జవాబిచ్చాడని చెబుతారు. అతను సొంత ఊరు నుంచి వెళ్ళగొట్టబడ్డవాడు. ఇల్లూ వాకిలీ లేనివాడు. అంటే ఈ మాట పుట్టింది ఊరు పోగొట్టుకున్నవాడి నోట. అదే మాట ఈవేళ విమానాశ్రయాల్లో మెత్తటి సోఫాల్లో కూర్చునేవాళ్ళ సొత్తయింది. ఊరు విడిచి పరాయి ఇంట్లో అంట్లు తోమే ఆడదానికి ఆ మాట దక్కలేదు. ఆమెకి దక్కినవి వేరే మాటలు: ఖద్దామా, వలస కూలీ, బాధితురాలు.

విశాల దృక్పథం మంచిదే. పరాయివాళ్ళని మనుషులుగా చూడడం, వాళ్ళ తిండినీ భాషనీ అసహ్యించుకోకపోవడం, మన ఊరి న్యాయమే లోక న్యాయం అనుకోకపోవడం, ఇవన్నీ స్త్రీలుగా మనం కోరుకునేవే. నా పేచీ ఆ విలువతో కాదు. ఆ విలువని ఉన్నత వర్గాలు తమ కుటుంబ ఆస్తిలా రాయించుకోవడంతో. దేశాలు తిరగగలగడం వేరు, మనసు విశాలం కావడం వేరు. మొదటిదానికి డబ్బూ, చదువూ, పాస్‌పోర్టూ కావాలి. అవి ఉన్నవాళ్ళకి రెండోది దానంతటదే వచ్చేస్తుందని నమ్మమంటున్నారు. నిజంగా వచ్చిందేమో చూద్దాం.

ఇంట గెలవని రచ్చ

1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. అప్పటికే అమెరికా దారి పట్టిన తెలుగు యువకుల సంఖ్య ఆ తరవాత ఎన్నో రెట్లు పెరిగింది. ఆడపిల్లలూ వెళ్ళారు, మంచి ఉద్యోగాలు చేస్తున్నారు, అందుకు సంతోషించాలి. కానీ ఈ పాతికేళ్ళలో విశ్వమానవుడి పెళ్ళి ఎలా జరుగుతోందో పెళ్ళిసంబంధాల ప్రకటనలు చూస్తే తెలుస్తుంది. వరుడు కాలిఫోర్నియాలో ఉంటాడు. కులం, శాఖ, గోత్రం, నక్షత్రం ప్రకటనలో ఉంటాయి. 1961 నుంచీ వరకట్న నిషేధ చట్టం ఉన్న దేశంలో డాలరు జీతం వల్ల కట్నం తగ్గలేదు, పెరిగింది. అమ్మాయి కూడా ఇంజనీరే, అయినా కట్నం ఉంటుంది. అమెరికా విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళు మన పచ్చళ్ళ సీసాలు విప్పి చూస్తారు. సూట్‌కేసులో కులం ఉందో లేదో చూసే యంత్రం వాళ్ళ దగ్గర లేదు.

అది అక్కడికి క్షేమంగా చేరిందనడానికి వాళ్ళే రుజువులిచ్చారు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి, ఒక పెద్ద కంపెనీలో దళిత ఇంజనీరుని సాటి భారతీయులైన పై అధికారులు కుల వివక్షకి గురిచేశారని ఆరోపిస్తూ దావా వేసింది. ఆ ఇద్దరు అధికారుల మీద కేసుని 2023లో ఉపసంహరించుకుంది. కంపెనీ మీద మాత్రం కొనసాగించింది. అదే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఆ ఏడే కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు ఆమోదిస్తే అక్టోబరులో గవర్నరు దాన్ని వీటో చేశాడు. ఆ బిల్లు వద్దని గట్టిగా ఊరేగింది ఎవరు? అక్కడి తెల్లవాళ్ళు కాదు. జాతి వివక్ష నుంచి తమకి రక్షణ కావాలని కోరుకునే మనవాళ్ళలోనే ఒక వర్గం. తెల్లవాడి ముందు మానవ హక్కులు కావాలి, దళితుడి ముందు మాత్రం మన సంప్రదాయం మీద దాడి జరుగుతోంది. ఇదేనా విశ్వమానవత్వం?

ఇంకో ఉదాహరణ చెబుతాను. ఇది సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉన్నది కాబట్టి ఎవరైనా చదువుకోవచ్చు. 1975లో తిరుపతిలో ఒక జంటకి పెళ్ళయింది. 1978లో విడిపోయారు. భర్త అమెరికాలో ఉన్నాడు. మిస్సోరీ రాష్ట్రంలో 90 రోజులుగా ఉంటున్నానని చెప్పి అక్కడి కోర్టులో విడాకులకి వేశాడు. భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపింది. కోర్టు విడాకులిచ్చేసింది. 1981లో ఆయన యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆ మొదటి భార్య ఊరుకోలేదు. ద్విభార్యాత్వం కేసు పెట్టింది. కింది కోర్టు ఆ అమెరికా కాగితం నకలు చూసి కేసు కొట్టేస్తే పై కోర్టుకి వెళ్ళింది. చివరికి 1991లో సుప్రీంకోర్టు ఆ విదేశీ విడాకులు ఇక్కడ చెల్లవని చెప్పింది.

ఈ కేసులో ఊళ్ళ పేర్లు మరొకసారి చూడండి. పెళ్ళికి తిరుపతి. రెండో పెళ్ళికి యాదగిరిగుట్ట. భార్యని వదిలించుకోడానికి మాత్రం మిస్సోరీ. ప్రపంచ పౌరసత్వం అంటే మగవాడికి ఏ పనికి ఏ ఊరి చట్టం అనుకూలమో ఎంచుకునే వెసులుబాటన్నమాట. ఆ తీర్పు వచ్చి మూడు దశాబ్దాలు దాటినా, పరదేశంలో ఉన్న భర్త వదిలేసిన స్త్రీలు మన సంఘాల గుమ్మాలు ఎక్కుతూనే ఉన్నారు.

2023లో జి-20 సమావేశాలు ఢిల్లీలో జరిగినప్పుడు ఊరూరా 'వసుధైవ కుటుంబకం' అని బోర్డులు పెట్టారు. ప్రపంచమంతా ఒక కుటుంబమట. వినడానికి బాగుంటుంది. కానీ కుటుంబం అంటే ఏమిటో మనకంటే ఎవరికి బాగా తెలుసు? కుటుంబంలో ఎవరు వండుతారు, ఎవరు ముందు తింటారు, మిగిలింది ఎవరు తింటారు, ఆస్తి కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి, దెబ్బలు తిని కూడా బయటికి చెప్పకూడనిది ఎవరు? ప్రపంచాన్ని కుటుంబం చేస్తామంటే మనం సంతోషించడానికి ముందు అందులో వంట ఎవరు చేస్తారని అడగాలి.

వంట ఎవరు చేస్తారో తెలియనిదేమీ కాదు. గచ్చిబౌలిలోనో, కొండాపూర్‌లోనో అంతర్జాతీయ ప్రమాణాలతో కట్టిన అపార్ట్‌మెంటుకి వెళ్ళండి. పనివాళ్ళు ఈ లిఫ్టు వాడరాదని రాసి పెట్టిన బోర్డులు చూస్తాం. పారిస్‌లో ఎవరితోనైనా ఒకే బల్ల దగ్గర కూర్చుని తినగల మనిషి తన ఇంట్లో అన్నం వండే ఆమెకి గ్లాసు వేరే పెడతాడు. అలాంటి మనిషి వచ్చి రాయచోటి ఆడవాళ్ళకి విశాల హృదయం గురించి పాఠం చెబుతానంటే మనం చప్పట్లు కొట్టాలా?

దేశం రెండు రకాల పౌరుల్ని చేసింది

ఉన్నత వర్గాల ఆలోచనల సంగతి అలా ఉంచుదాం. రాజ్యం ఏం చేస్తోందో చూద్దాం. ఎందుకంటే ప్రపంచంలో తిరిగే హక్కు మనసులో ఉండదు, కాగితంలో ఉంటుంది.

1983 ఎమిగ్రేషన్ చట్టం కింద మన పాస్‌పోర్టులు రెండు రకాలయ్యాయి. పదో తరగతి పాసయినవాళ్ళూ, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళూ ఒక రకం. వాళ్ళు ఎక్కడికయినా వెళ్ళొచ్చు. పదో తరగతి లేనివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ముద్ర ఉంటుంది. కువైట్, సౌదీ, ఖతర్, ఒమన్ మొదలైన 18 దేశాలకి పనికోసం వెళ్ళాలంటే వాళ్ళకి ప్రభుత్వ అనుమతి కావాలి. అందులోనూ స్త్రీ అయితే 30 ఏళ్ళు నిండాలనే నిబంధన పెట్టారు. 2016 నుంచి అలాంటి స్త్రీల నియామకం ప్రభుత్వ రంగ సంస్థల ద్వారానే జరగాలన్నారు. 2018 జనవరిలో ఇంకో అడుగు ముందుకేసి ఈసీఆర్ వాళ్ళ పాస్‌పోర్టుకి నారింజ రంగు అట్ట వేస్తామని కేంద్రం ప్రకటించింది. విమానాశ్రయంలో వరసలో నిలబడ్డప్పుడే దూరం నుంచి తెలిసిపోవాలి, ఈమె చదువుకోలేదని! నలుగురూ నిలదీసేసరికి ఆ నెలాఖరుకే ఆ ఆలోచన మానుకున్నారు. అట్ట రంగు మారలేదు. లోపలి భేదం మాత్రం పోలేదు.

ఇదంతా స్త్రీల రక్షణ కోసమే అంటారు. ఈ వాదనని మనం తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే మనలో చాలామంది దాన్ని నమ్ముతున్నారు. గల్ఫ్ ఇళ్ళలో హింస నిజం. జీతం ఇవ్వకపోవడం, తిండి సరిగా పెట్టకపోవడం, కొట్టడం, లైంగికంగా హింసించడం, అన్నీ నిజం. శవపేటికలో తిరిగొచ్చిన స్త్రీలున్నారు. అయితే ఆ హింసకి మూలం 29 ఏళ్ళ వయసులో లేదు. కఫీల్ పద్ధతిలో ఉంది. వీసా ఇచ్చిన యజమానే కఫీల్. ఆ దేశంలో ఉండడానికి ఇచ్చే అకామా అతని పేరుతో ముడిపడి ఉంటుంది. అతని ఇల్లు వదిలి బయటికొస్తే ఆమె నేరస్తురాలు. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే కల్లివల్లి. పోలీసులకి దొరికితే జైలు, తరవాత అవుట్‌పాస్, ఇంటికి. కువైట్ 2015లో ఇంటి పనివాళ్ళ కోసం చట్టం చేసింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదని, వారానికి ఒక సెలవుండాలని, పనిమనిషి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని అందులో రాశారు. రాసి ఉన్నదాన్ని అడిగే స్థితి మన స్త్రీకి ఉందా? యజమానిని మార్చుకునే హక్కు లేనంత కాలం ఉండదు.

30 ఏళ్ళ నిబంధన ఏం చేస్తుంది? ఇంట్లో అప్పుంది, భర్త తాగుతాడు, పిల్లల ఫీజులు కట్టాలి. పాతికేళ్ళ స్త్రీ 30 వచ్చేదాకా ఆగదు. ఏజెంటు వయసు పెంచి కాగితాలు పుట్టిస్తాడు, లేదా విజిట్ వీసా మీద పంపిస్తాడు. అక్కడ ఏదైనా జరిగితే ఆమె ఏ లెక్కలోనూ ఉండదు. ఫిర్యాదు చేద్దామంటే తానే తప్పు చేసినట్టు భయం. అలా రక్షణ పేరుతో పెట్టిన నిషేధం ఆమెని ఏజెంటు చేతిలో పెట్టింది. ఆడపిల్ల మీద ఎవరో చెయ్యి వేస్తారని ఆమెకి చదువు మాన్పించే తండ్రి ఆలోచనకీ దీనికీ తేడా ఏమిటి? తండ్రి చేస్తే పితృస్వామ్యం అంటాం. ప్రభుత్వం చేస్తే సంక్షేమం అంటున్నాం.

బీరువా తాళం

మీటింగులో ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. "నా పాస్‌పోర్టు 11 ఏండ్లు మామ బీరువాలోనే ఉండె. మీది మీ దగ్గరే ఉంటాదా అక్కా?"

ఉంటుందని ఠక్కున అన్నాను. ఇంటికొచ్చి చూశాను. ఇంటి కాగితాలతో, బ్యాంకు కాగితాలతో కలిపి మా ఆయన బీరువాలో ఉంది. ఎవరూ బలవంతంగా లాక్కోలేదు. ఎప్పుడు ఎలా అక్కడికి చేరిందో నాకే గుర్తు లేదు. దాన్ని తీసుకెళ్ళి నా పుస్తకాల మధ్య పెట్టుకున్నాను. చిన్న విషయమే. కానీ ఈ చదువు, ఈ ఉద్యమం, ఈ వ్యాసాలు అన్నీ ఉన్న నాకు ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో తట్టలేదు. ఐదో తరగతి చదివిన ఆమెకి తట్టింది.

అమెరికా వెళ్ళిన మన ఆడపిల్లల్ని కూడా ఈ దృష్టితో చూడాలి. భర్త హెచ్-1 వీసా మీద వెళితే భార్య హెచ్-4 మీద వెళుతుంది. ఆమె అక్కడ ఉండడం అతని వీసా మీద ఆధారపడి ఉంటుంది. 2015 దాకా ఆ వీసా మీదున్న స్త్రీ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇక్కడ ఇంజనీరింగు చదివి, ఉద్యోగం చేసి, అక్కడికెళ్ళి నాలుగు గోడల మధ్య కూర్చున్న స్త్రీలు ఎందరో. 2015 మేలో గ్రీన్‌కార్డు దారిలో కొంతదూరం వెళ్ళినవాళ్ళ భార్యలకి మాత్రం పని అనుమతి వచ్చింది. మిగిలినవాళ్ళకి లేదు. విడాకులయితే ఆ వీసాకి ఆధారమే పోతుంది. భర్త కొడితే పోలీసులకి ఫోను చేయడానికి భాష వచ్చు, చదువు ఉంది, కానీ ఫోను చేశాక ఏ దేశంలో ఉండాలో తెలియదు.

కువైట్‌లో అకామా యజమాని పేరు మీద. డాలస్‌లో వీసా భర్త పేరు మీద. ఒకరికి జీతం దినార్లలో కొంచెం వస్తుంది, ఇంకొకరికి రాదు. వాళ్ళిద్దరి స్థితీ ఒకటేనని అనను. కులం, వర్గం, చదువు చేసే తేడా చాలా ఉంది. కానీ సరిహద్దు దాటేటప్పుడు స్త్రీని ఒక స్వతంత్ర మనిషిగా కాక ఎవరికో చెందినదానిగా లెక్కవేసే చట్టం ఇద్దరినీ పట్టుకుంది. ఇది ఇతర దేశాల సంగతి మాత్రమే అనుకోవద్దు. మన పౌరసత్వ చట్టంలో కూడా విదేశంలో పుట్టిన బిడ్డకి తండ్రి ద్వారానే భారత పౌరసత్వం వచ్చేది. తల్లి ద్వారా కూడా వచ్చేలా 1992లో సవరించారు. స్వాతంత్ర్యం వచ్చిన 45 ఏళ్ళ దాకా భారత స్త్రీ తన దేశాన్ని తన బిడ్డకి ఇవ్వలేకపోయింది. సొంత దేశమే పూర్తిగా తనది కాని మనిషిని ప్రపంచ పౌరురాలు కాలేదేమని నిందించడం ఎంత దుర్మార్గం!

మామూలు జనంలో సంకుచితత్వం లేదా?

ఉంది. ఈ ప్రశ్న నుంచి తప్పించుకోను. కువైట్ వెళ్ళొచ్చినంత మాత్రాన ఎవరూ దేవతలు కారు. ఇథియోపియా పిల్ల గురించి అంత ప్రేమగా చెప్పిన ఆమే, తన కూతురు వేరే కులం అబ్బాయిని ఇష్టపడితే ఏం చేస్తావంటే మౌనంగా ఉండిపోయింది. గల్ఫ్ డబ్బుతో ఊళ్ళో మేడలు కట్టుకున్నవాళ్ళు దళితవాడని చూసే చూపు మారని ఊళ్ళున్నాయి. నల్లవాళ్ళ గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్ళు కువైట్ నుంచి వచ్చినవాళ్ళలోనూ ఉన్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళలోనూ ఉన్నారు.

అయితే ఒక తేడా గమనించాలి. మామూలు మనిషి సంకుచితత్వానికి మనం దాని పేరే పెడతాం. పెద్దల సంకుచితత్వానికి సంస్కృతి అని, ప్రైవసీ అని, మెరిట్ అని పేర్లు పెడతాం. మామూలు మనిషి పక్కవాడితో సర్దుకుని బతకడం నేర్చుకుంటే దానికి పేరే పెట్టం. అది గతిలేక చేసిన పని అంటాం. గతిలేకనే అనుకుందాం. ఆ గతిలేనితనంలోనే ఆమె శ్రీలంక స్త్రీ చెయ్యి పట్టుకుంది, ఫిలిప్పీన్ పిల్ల చెయ్యి పట్టుకుంది. యజమాని ఇంట్లో లేనప్పుడు ఒకరి కష్టం ఒకరు చెప్పుకున్నారు. ఎవరికి జీతం ఎంతో పోల్చి చూసుకున్నారు. అది సంఘం పెట్టుకోవడానికి మొదటి మెట్టని మనకంటే ఎవరికి తెలుసు?

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించినప్పుడు అక్కడి నుంచి 1,70,000 మందికి పైగా భారతీయుల్ని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు. ఆ తరలింపు మీద సినిమా కూడా వచ్చింది, కథానాయకుడు వ్యాపారస్తుడు. ఇళ్ళలో పనిచేసే స్త్రీలు ఎవరి చేతిలోనో ఉన్న పాస్‌పోర్టులు వదులుకుని ఎడారి దారిన ఎలా వచ్చారో ఎవరు రాశారు? మన పత్రికలు రాశాయా?

మన సంగతి

ఇక మనం. 1995లో బీజింగ్ మహాసభ జరిగినప్పుడు దగ్గర్లోని హువైరూలో స్వచ్ఛంద సంస్థల వేదికకి ప్రపంచం నలుమూలల నుంచీ దాదాపు 30,000 మంది స్త్రీలు వచ్చారు. స్త్రీల హక్కులు మానవ హక్కులే అన్న మాట అక్కడ గట్టిగా నిలబడింది. దాని విలువని నేను తక్కువ చేయను. కానీ ఆ తరవాత మన సంస్థల్లో ఏం జరిగిందో కూడా చూసుకోవాలి. విదేశీ సదస్సులకి ఎవరు వెళతారు? ఇంగ్లీషు వచ్చినవాళ్ళు. నివేదికలు ఎవరు రాస్తారు? వాళ్ళే. రాయచోటి స్త్రీ ఆ నివేదికలో ఒక 'కేసు'గా కనిపిస్తుంది. ఆమె ఏడిచిన సంగతి రాస్తాం. ఆమె నేర్చుకున్న సంగతి రాయం. అరబ్బీ తెలిసిన స్త్రీ ఎదురుగా కూర్చుని ఉండగా, గల్ఫ్ పరిస్థితుల మీద మాట్లాడడానికి ఢిల్లీ నుంచి నిపుణుల్ని పిలుస్తాం. సదస్సులో నేను కొట్టిన చప్పట్లు ఉత్తి మర్యాద కోసం కొట్టినవి కావు. ఆ పెద్దమనిషి మాటలో నాకూ వాటా ఉంది. విశాల దృక్పథం మనం పైనుంచి కిందికి తీసుకెళ్ళి పంచాల్సిన సరుకని నాలో ఏదో మూల నేనూ నమ్మాను.

ఇది మారాలంటే మాటలు చాలవు. మన డిమాండ్లలో కొన్ని మారాలి. స్త్రీల వయసు మీద పెట్టిన నిషేధాన్ని సమర్థించడం మానేసి, యజమానిని మార్చుకునే హక్కు కోసం మన ప్రభుత్వం ఆ దేశాలతో ఒప్పందాలు చేసుకోవాలని అడగాలి. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివాళ్ళ కోసం 189వ ఒడంబడిక చేసింది. దానికి అనుకూలంగా ఓటేసిన మన దేశం ఈనాటికీ దాన్ని ఆమోదించలేదు. ఎందుకని? ఆమోదిస్తే కువైట్ సేఠుని అడిగే ప్రశ్నలన్నీ బంజారాహిల్స్ అయ్యగారిని కూడా అడగాల్సి వస్తుంది. వారపు సెలవు ఎక్కడ? పని గంటలు ఎన్ని? కనీస వేతనం ఎంత? 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటి పనివాళ్ళకి చట్టం అవసరమో కాదో పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఆ చట్టం కోసం మనం వీధిలోకి రావాలి. వచ్చేముందు మన ఇళ్ళలో పనిచేసే స్త్రీకి వారానికి ఒక రోజు సెలవిస్తున్నామా అని చూసుకుని రావాలి.

హెచ్-4 మీద వెళ్ళే ఆడపిల్లలకి పెళ్ళికి ముందే ఆ వీసా ఏమిటో, ఏ హక్కు ఉంటుందో, ఏది ఉండదో చెప్పే పని మన సంఘాలు చేపట్టాలి. గల్ఫ్‌కి వెళ్ళే స్త్రీలకి శిక్షణ ఇవ్వాలంటే ఆ శిక్షకులు వెళ్ళొచ్చిన స్త్రీలే కావాలి. వాళ్ళకి నిపుణులకిచ్చే గౌరవం, నిపుణులకిచ్చే పారితోషికం ఇవ్వాలి. దారి ఖర్చులు, ఒక పూట భోజనం పెట్టి పంపించడం కాదు.

ఇకముందు ఎవరైనా వేదిక మీద నిలబడి పెద్దలు విశాలమనీ జనం సంకుచితమనీ చెబితే మనం ఊరుకోవద్దు. మూడే ప్రశ్నలు అడుగుదాం. మీ ఇంట్లో వండే ఆమె ఏ లిఫ్టులో పైకి వస్తుంది? మీ అబ్బాయి పెళ్ళి ప్రకటనలో కులం కాలమ్ ఉందా? మీ కోడలి పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంది? ఈ మూడింటికీ తలెత్తి జవాబు చెప్పగలిగినవాళ్ళని విశ్వమానవులని ఒప్పుకుందాం. చప్పట్లు కూడా కొడదాం.

వచ్చే మీటింగుకి రాయచోటి ఆమెని మాట్లాడడానికి పిలిచాం, బాధలు చెప్పుకోడానికి కాదు. నాలుగు భాషల మధ్య, నాలుగు దేశాల స్త్రీల మధ్య ఒక వంటింట్లో ఎలా కలిసి బతకవచ్చో ఆమె చెబుతుంది. మనం కింద కూర్చుని విందాం.